తొట్లకొండ హద్దు ఎక్కడిదాకా?

విశాఖపట్నం గతాన్ని చెప్పబోయే పర్యాటక ప్రచారం సాధారణంగా వాల్తేరు బంగళాలతో మొదలై, 1933లో తెరుచుకున్న నౌకాశ్రయం దగ్గర ఆగిపోతుంది. ఈ తీరంలో మనుషులు స్థిరపడిన కథ అంతకంటే చాలా పాతది, పైగా అందులో మంచి భాగం ఇసుక మీద కాక కొండల మీద జరిగింది.

భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ, పావురాలకొండల మీద రెండు వేల ఏళ్ళ కిందటే బౌద్ధ భిక్షువులు విహారాలు కట్టుకున్నారు. వాననీరు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు, బావులే మొదటి రెండు కొండలకూ పేర్లయ్యాయి. కనుచూపు మేరా నీరున్నా గుక్కెడు తాగడానికి లేని చోట, స్తూపం ఎంత అవసరమో తొట్టీ అంతే అవసరం. 1988-93 మధ్య తొట్లకొండలో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో స్తూపాలు, చైత్యగృహాలు అనే ప్రార్థనా మందిరాలతో పాటు శాతవాహన నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. రోమన్ నాణెం కొండెక్కిందంటే కింద ఓడ వర్తకుల రాకపోకలు ఉన్నాయనే అనుకోవాలి.

ఆ తరువాత చోళులు వచ్చారు. సింహాచలంలో కులోత్తుంగుడి కాలపు శాసనం ఉంది. సముద్రంలో మునిగిపోయిందంటున్న విశాఖేశ్వరాలయం మాత్రం ఇప్పటికి ఐతిహ్యమే, దాన్ని చరిత్రగా చెప్పడం తగదు. 17వ శతాబ్దంలో డచ్చివారు భీమిలిలోనూ, ఇంగ్లీషువారు విశాఖలోనూ వర్తకశాలలు పెట్టారు. రేవు కట్టకముందు ఓడలు దూరాన లంగరు వేస్తే, ఆ అలల మీదుగా సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చింది పలకలను తాళ్ళతో కుట్టి చేసిన మసూలా పడవలు. జాలరి, వాడబలిజ కుటుంబాల సముద్ర జ్ఞానం లేకుండా ఈ తీరపు చరిత్ర లేదు. వారికి శాసనాలు లేవు. కరపత్రాల్లో వారి వలల ఫొటోలు మాత్రం కనిపిస్తాయి.

ఈ గతాన్ని కాపాడటంలో మన తీరు చెప్పుకోదగ్గది కాదు. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపంలో కొంత భాగం కూలింది. పాతరాతియుగపు పనిముట్లు దొరికిన, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలమే అయినా, వాటి అంచులను యంత్రాలతో చదును చేయడంపై పదేపదే ఆందోళన చేయవలసి వస్తోంది. తీరానికి హోటళ్ళు, రిసార్టులు వద్దని మేము అనడం లేదు. ఏ కొండ వాలును తవ్వాలో నిర్ణయించడానికి ముందు పురావస్తు సర్వే పూర్తి కావాలనీ, దాని ఫలితాన్ని ప్రజల ముందు పెట్టాలనీ మాత్రమే అడుగుతున్నాము. రక్షిత ప్రాంతమంటే స్తూపం చుట్టూ వేసిన కంచె కాదు. తొట్లలోకి వాన దిగివచ్చే వాలు కూడా ఆ హద్దుల్లో ఉండాలి.