‘ఆధారాల్లేవు’ అనేవాళ్లకు బురదే జవాబు

సరస్సు పాడైందని గొడవ మొదలైన ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఇంతకుముందు ఎలా ఉండేదో రికార్డులేవీ?’ ఉండవు. చేపలు చచ్చి తేలాక కదా నీళ్లు పరీక్షించడం మొదలయ్యేది! అప్పటికే సగం పాడైన స్థితిని ‘సహజ స్థితి’ అని రాసేసుకుంటారు.

రికార్డు మాత్రం ఉంది, అడుగున పొరలుపొరలుగా పేరుకున్న బురదలో. డయాటమ్‌లనే ఏకకణ శైవలాలు డబ్బా, మూతలా రెండు ముక్కల గాజు పెంకు కట్టుకుంటాయి. ప్రాణం పోయినా పెంకు మిగులుతుంది. బురదను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో మరిగించి, ఒక చుక్క ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెడితే సన్నటి గీతలు, చుక్కలు బయటపడతాయి. ఆ గీతలను బట్టే జాతిని గుర్తుపడతారు. ఒక్కో పొరకు కొన్ని వందల పెంకులు లెక్కపెట్టాలి, చచ్చేంత చాకిరీ! ఏ జాతికి ఆమ్లం పడుతుందో, దేనికి పడదో తెలుసు కాబట్టి, పెంకుల లెక్క మారితే నీళ్లు మారినట్టే. పొర వయసును సీసం-210 చెబుతుంది; అది కాలంతోపాటు తరిగిపోయే రేడియోధార్మిక సీసం. 1963 నాటి పొరలో అణుపరీక్షల నుంచి రాలిన సీజియం అనే రేడియోధార్మిక మూలకం గుర్తు సరేసరి.

స్కాట్లాండ్‌లోని రౌండ్ లాక్ ఆఫ్ గ్లెన్‌హెడ్ అనే సరస్సు సంగతే చూడండి. ఆమ్ల వర్షాల మీద వాదన ముదిరిన రోజుల్లో, సరస్సుల్లో ఆమ్లం పెరగడానికి తప్పంతా చుట్టుపక్కల నాటిన అడవులదే అన్నవాళ్లున్నారు. ఈ సరస్సు చుట్టూ అడవే నాటలేదు. అయినా 1850 ప్రాంతం నుంచి ఆమ్లాన్ని ఇష్టపడే జాతులు పెరిగాయి, పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) సుమారు 5.5 నుంచి 5 లోపుకు పడింది. పై పొరల్లో బొగ్గు, చమురు మండగా వచ్చిన మసి రేణువులు కూడా దొరికాయి. ఇంకేం కావాలి?

పురుగులు బురదను కలిపేస్తాయి, అంచనాల్లో తేడాలుంటాయి అంటారు. నిజమే. అందుకే ఒక్క సరస్సుతో సరిపెట్టకుండా పది చూస్తారు. పదీ ఒకే మాట చెబితే పురుగుల మీదికి నెట్టలేం.

నా అసలు కోపం బురద గురించి కాదు. ‘ఆధారాల్లేవు’ అనే మాట చాలాసార్లు వెతక్కపోవడం వల్ల పుడుతుంది, దాని లాభం కాలుష్యం చేసినవాడికే. 2000 నాటి యూరోపియన్ యూనియన్ నీటి చట్టం పాత స్థితిని తేల్చడానికి ఇలాంటి పురాతన ఆధారాలనూ వాడుకోమంది. నేనైతే ఇంకో అడుగు ముందుకేస్తాను: కొలిచే ఖర్చు కాలుష్యం చేసేవాడిదే కావాలి. ఇదేం వింత కోరిక కాదు. బ్రిటన్, నార్వే, స్వీడన్ సైన్స్ అకాడమీలు ఆమ్ల వర్షాలపై కలిసి నడిపిన పరిశోధనకు 50 లక్షల పౌండ్లు ఇచ్చింది బ్రిటన్ విద్యుత్, బొగ్గు సంస్థలే. చివరికి ఆ పరిశోధన వేలెత్తి చూపింది కూడా వాళ్ల పొగగొట్టాల వైపే.