సవరణ: క్యారీ బక్‌కు గర్భసంచి తీయలేదు

యూజెనిక్స్ (పనికిరానివాళ్లని ముద్ర వేసి, వాళ్లకు పిల్లలు పుట్టకుండా చేయాలన్న సిద్ధాంతం) మీద మా ముందటి పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. 1927 అక్టోబరు 19న అమెరికాలోని వర్జీనియాలో, పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషన్‌కు గురైన క్యారీ బక్ అనే యువతికి గర్భసంచి తీసేశారని రాశాం. కాదు. అండాలను గర్భసంచికి చేర్చే రెండు ఫెలోపియన్ నాళాల్లోంచీ అంగుళం చొప్పున ముక్క కోసి, కొసలు ముడివేసి, కార్బాలిక్ ఆమ్లంతో కాల్చారు. గర్భసంచి, అండాశయాలు అలాగే ఉంటాయి, నెలసరీ ఆగదు. అందుకే ఎవరూ చెప్పకపోతే చేయించుకున్న మనిషికే తెలియదు. ఆమె చెల్లెలు డోరిస్‌కు అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్పి ఇదే చేశారు. అసలు సంగతి ఆమెకు ముసలితనంలో గానీ తెలియలేదు.

రెండోది, అమెరికా సుప్రీంకోర్టు 1942లో ఇచ్చిన స్కిన్నర్ తీర్పు, ఇలాంటి ఆపరేషన్లకు వీలిచ్చే వర్జీనియా చట్టం చెల్లుతుందన్న 1927 నాటి బక్ తీర్పును కొట్టేసిందన్నాం. లేదు, దాన్ని అలాగే వదిలేసింది. పదేపదే నేరం చేసినవాళ్లకు పిల్లలు పుట్టకుండా చేసే ఒక్లహోమా చట్టం కోళ్ల దొంగకు వర్తిస్తూ, యజమాని సొమ్ము కాజేసిన గుమస్తాను వదిలేస్తోందని, ఆ చట్టాన్ని మాత్రం రద్దు చేసింది. వర్జీనియా చట్టం 1974 దాకా రద్దు కాలేదు.