పోర్చ్ లైటు ఆర్పేసి పిల్లల లెక్కలా?

అక్టోబరు సగానికొచ్చేసరికి అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. అక్టోబరు 31 రాత్రి పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ చాక్లెట్లకు తిరిగే హాలోవీన్‌కి చాక్లెట్లు ఎన్ని కొనాలి? నిరుడు మీ వీధికి ఎంతమంది పిల్లలొచ్చారు? ఒకరు ముప్పై అంటారు, ఇంకొకరు రెండు వందలంటారు, మూడో ఆయన ఏకంగా ఎక్సెల్ షీటు పెడతాడు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక వీధిలో విప్పని సంచులు మిగిలిపోతాయి. రెండు మలుపుల అవతల ఏడున్నరకే గిన్నె ఖాళీ అయి, ఇంటావిడ తన పిల్లల స్కూలు డబ్బాలో పెట్టాల్సిన జ్యూస్ ప్యాకెట్లు తెచ్చి పంచుతుంది. వాన రాకడ, ప్రాణం పోకడ తెలియవన్నారు కదా, పిల్లల రాకడనూ ఆ జాబితాలో చేర్చేసి మనవాళ్లు చేతులు దులుపుకుంటున్నారు. నేను ఒప్పుకోను. మన గుమ్మం ఎక్కే పిల్లల సంఖ్యను చాలావరకు మనమే నిర్ణయిస్తాం. అది తెలియకుండా కాస్ట్‌కో టోకు దుకాణం క్యూలో నిలబడి బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ.

లెక్క వద్దనడం లేదు. కోకో ధర 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12,000 డాలర్లు దాటింది. ప్రపంచ కోకోలో సగానికి పైగా పండించే ఐవరీకోస్ట్, ఘనాల్లో తెగుళ్లు, వాతావరణం కలిసి పంటను దెబ్బతీశాయి. ఆ తర్వాత కోకో దిగొచ్చింది. కానీ ఒకసారి పెరిగిన సంచి ధర అదే వేగంతో దిగదని ఇంటి సరుకులు కొనే ఎవరికైనా తెలుసు. 2023లో అమెరికన్లు హాలోవీన్ మీద 1,220 కోట్ల డాలర్లు, అందులో చాక్లెట్లు, మిఠాయిల మీదే 360 కోట్లు ఖర్చు పెడతారని అక్కడి చిల్లర వ్యాపారుల సమాఖ్య అంచనా వేసింది. ఇంత డబ్బు కదిలే చోట లెక్క వేసుకోవడంలో తప్పేముంది?

ఆ లెక్క కూడా ఐదు నిమిషాల పని. నిరుడు మీ ఇంటికి ఎంతమంది వచ్చారన్నదాన్ని మించిన ఆధారం లేదు. కొత్తగా దిగినవాళ్లయితే ఎదురింటివాళ్లను అడగండి (ఈ ఎదురింటి సంగతికి మళ్లీ వస్తాను). కాలిబాట ఉండి, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండి, పక్కనే ఎలిమెంటరీ స్కూలుంటే జనం ఎక్కువ. గొందు చివరి ఇల్లయితే తక్కువ. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అయితే దాదాపు సున్నా. ఈ ఏడాది (2026) అక్టోబరు 31 శనివారం పడింది, మర్నాడు బడి లేదు, పైగా ఆ రాత్రే గడియారాలు చలికాలపు వేళకు మారి గంట వెనక్కి వెళతాయి, నిద్ర కలిసొస్తుంది. కాబట్టి వాన లేకపోతే ఓ పాతిక శాతం ఎక్కువ వేసుకోండి. 150 ముక్కల సంచి తలా రెండిస్తే 75 మందికి, మూడిస్తే 50 మందికి వస్తుంది. ఎనిమిదింటిదాకా తలా ఒకటో రెండో ఇచ్చి, జనం పలచబడ్డాక దోసిళ్లతో పొయ్యండి. రెండో సంచి విప్పకుండా పెట్టుకోండి, రసీదు పారేయకండి. మిగిలినవి సోమవారం ఆఫీసు బ్రేక్‌రూమ్‌లో పెడితే పదకొండింటికల్లా మాయం. శాకాహారులకు ఇంకో ముక్క: అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్ మిఠాయిలో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉంటుంది, స్కిటిల్స్‌లో ఉండదు. లెక్క అయిపోయింది.

అసలు కథ గిన్నె దగ్గర మొదలవుతుంది. చాక్లెట్లు గిన్నెలో పోసి, 'దయచేసి ఒక్కటే తీసుకోండి' అని కాగితం అంటించి, లోపలికెళ్లి టీవీ చూసే ఇళ్లు ఏటా పెరుగుతున్నాయి. వీటిలో మనవాళ్ల ఇళ్లకు కొదవ లేదు. తర్వాత వీళ్లే 'అరగంటలో గిన్నె ఊడ్చేశారు, ఈ కాలం పిల్లలకు పద్ధతి లేదు' అని గ్రూపులో వాపోతారు. ఇందులో కాలం తప్పేమీ లేదు. యాభై ఏళ్ల కిందే సియాటిల్‌లో ఎడ్ డీనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం ఈ ముచ్చట తేల్చారు. 1976లో అచ్చయిన ఆ పరిశోధన కోసం 27 ఇళ్లలో, 1,352 మంది పిల్లల్ని హాలోవీన్ రాత్రి చాటుగా గమనించారు. ఇంటావిడ తలా ఒకటి తీసుకోమని చెప్పి పక్కకు తప్పుకుంటుంది. కొన్నిసార్లు ముందే పిల్లల పేరు, ఉండే చోటు అడుగుతుంది, కొన్నిసార్లు అడగదు. ఒంటరిగా వచ్చి పేరు చెప్పిన పిల్లల్లో చేతివాటం చూపినవాళ్లు పదిలో ఒకరు కూడా లేరు. పేరు అడగని గుంపుల్లో సగానికి పైగా పిల్లలు చేతివాటం చూపారు.

ఈ పరిశోధనను నేను మళ్లీ మళ్లీ చెబుతుంటాను, ఎదుటివాళ్లకు విసుగొస్తుందని తెలిసీ. ఊరు అదే, రాత్రి అదే, ముసుగులూ అవే. ఒంటరిగా రావడం, గుంపుగా రావడం ఒక తేడా. రెండోది 'నీ పేరేమిటి నాన్నా?' అని ఓ మనిషి అడగడం, అడగకపోవడం. కావలసినన్ని చాక్లెట్లు కొన్నా తలుపు దగ్గర మనిషి లేకపోతే 150 ముక్కలు పాతికమందికి కూడా రావు. మనిషి ఉంటే డెబ్బై ఐదు మందికి వస్తాయి. మీ ఎక్సెల్ షీటులో ఈ గడి ఎక్కడుంది?

తలుపు దగ్గర మనిషి ఉంటే పిల్లల సంఖ్య కూడా మారుతుంది. లైటు వెలిగితే రమ్మని, ఆరితే వద్దని అర్థం. ఇది అమెరికాలో పసివాడికీ తెలుసు. వీధిలో పది ఇళ్లుండి ఆరు చీకటిగా ఉంటే, పిల్లల గుంపు మలుపు దగ్గరే ఆగి, ఓసారి చూసి, పక్క వీధికి తిరుగుతుంది. వెలిగిన ఆ నాలుగు ఇళ్లకూ రారు. ఒకరు డ్రైవ్‌వేలో మడత కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురింటాయనా తెచ్చి వేసుకుంటాడు. మరుసటి ఏడు ఆ వీధి పేరు స్కూల్లో పాకిపోతుంది. 'మా వీధికి పిల్లలు రావడం లేదు, అందుకే లైటు వేయడం లేదు' అనేవాళ్లు దయచేసి ఆ వాక్యాన్ని తిరగేసి చదువుకోండి. కొందరైతే మరీనూ. డోర్‌బెల్ కెమెరాలో మూరెడు డైనోసార్ మునివేళ్ల మీద నిలబడి బెల్లు అందుకోవడం ఫోన్‌లో చూస్తూ కూడా సోఫాలోంచి లేవరు.

దీనంతటికీ వెనక ఒక భయముంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు చాక్లెట్లలో విషం పెడతారని. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన వార్తల్ని జల్లెడ పట్టి, ఇంటికొచ్చిన పిల్లల్ని అపరిచితులు అలా చంపిన ఉదంతం ఒక్కటీ దొరకలేదని తేల్చాడు. 1974లో హ్యూస్టన్ శివారులో ఎనిమిదేళ్ల బాబు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజం. పెట్టింది కన్నతండ్రే, బీమా డబ్బు కోసం. 1984లో అతనికి మరణశిక్ష అమలైంది. భయం మాత్రం వీధిలోని పరాయివాళ్ల మీద ఉండిపోయింది. ఆ భయంలోంచే 'ట్రంక్ ఆర్ ట్రీట్' ఊపందుకుంది. పార్కింగ్ లాట్‌లో కార్లు వరుసగా పెట్టి, డిక్కీలు తెరిచి, తెలిసినవాళ్ల పిల్లలకు తెలిసినవాళ్లే పంచడం. మన తెలుగు బృందాలూ ఆ దారే పట్టి కమ్యూనిటీ హాల్లో హాలోవీన్ జరుపుతున్నాయి. టికెట్టు, బిర్యానీ, కాస్ట్యూమ్ పోటీ, ఫొటోలు. అక్కడ లెక్క ముక్కకు ముక్క సరిపోతుంది, పేర్లు ముందే రాయించుకుంటారు కాబట్టి. ఆ రెండు గంటలూ ఆ కుటుంబాల వీధుల్లో మాత్రం లైట్లుండవు.

అవతలి వాదన వినకుండా తోసెయ్యడం లేదు. ఇది మన పండగ కాదు, చక్కెర, పళ్లు పుచ్చడం, ప్లాస్టిక్ చెత్త అంటారు. వేరే పేటల నుంచి వ్యాన్లలో దింపితే వందల మందికి మేమెక్కడ తెచ్చేది అంటారు. అమెరికన్లలోనూ ఈ గొణుగుడు ఉంది. 2014లో ఒక వెబ్ పత్రిక సలహాల శీర్షికకు ఓ సంపన్నుల పేట మనిషి ఇదే ఫిర్యాదు రాస్తే, ఇంకో సంచి కొనుక్కోమని సలహా ఇచ్చే ఆవిడ గడ్డి పెట్టింది. చక్కెర సంగతి నిజమే, కానీ ఏడాదికి ఒక్క రాత్రి. వేరుసెనగ ఎలర్జీ ఉన్న పిల్లలకైతే గుర్తుగా గుమ్మంలో నీలిపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టి పెన్సిళ్లో స్టిక్కర్లో ఇచ్చే పద్ధతి ఉండనే ఉంది. వ్యాన్లలో వచ్చేవాళ్లంటారా, కాలిబాటా లైట్లూ లేని పేటలో పిల్లల్ని తిప్పలేక మంచి వీధి వెతుక్కుంటూ వస్తారు. మంచి స్కూల్ డిస్ట్రిక్టు వెతుక్కుని ఇళ్లు కొన్న మనం వాళ్లను తప్పు పట్టడమేమిటి?

ఇక 'మన పండగ కాదు' అన్న ముక్క. దసరాకి బడిపంతులు వెనకాల పిల్లలు రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, పూలు, బుక్కా చల్లుతూ, పద్యాలు పాడుతూ ఇంటింటికీ తిరిగింది ఏ దేశంలో? పంతులుగారికి కట్నం, పిల్లలకు పప్పు బెల్లాలు. పావలా ఇస్తే పట్టం, అర్ధరూపాయిస్తే అంటం అని బెట్టు చేయడమూ ఆ పద్యాల్లోనే ఉంది. ఇవ్వకపోతే ఆట పట్టిస్తామనే అమెరికా పిల్లలు దీని ముందు నెమ్మదస్తులు. ఆ రోజు ఏ ఇల్లాలూ ఎంతమంది వస్తారో రాసుకుని పప్పులు వేయించలేదు. చేటలో పోసుకుని అరుగు మీద కూర్చుంది, అంతే.

2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ఆ సాయంత్రం నేను చూసిన ఒక ఇంటి ముందు ముగ్గు, చుట్టూ ప్రమిదలు. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దావిడ గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. అస్థిపంజరం వేషం కట్టిన పిల్లాడు ముగ్గు తొక్కకుండా పక్కనుంచి ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాడు. ఆవిడ వాడి సంచిలో గుప్పిట నిండా పోశారు. లోపలి నుంచి కూతురు కేకేసింది, 'అమ్మా, తలా ఒకటే ఇవ్వు, సరిపోవు!' 'పండగ పూట పిల్లాడి చేతిలో ఒక్కటి పెడతారటే ఎక్కడైనా?' అంటూ ఆవిడ ఇంకో గుప్పెడు పోశారు. పిల్లాడి తల్లి కాలిబాట మీదే ఆగి ఆ దీపాలు ఎందుకని అడిగింది. కూతురు బయటికొచ్చి చెప్పింది. పావుగంట మాట్లాడుకున్నారు. మూడేళ్లుగా నాలుగిళ్ల దూరంలో ఉంటున్నారట, అదే మొదటి పలకరింపు. చాక్లెట్లు ఎనిమిది కాకముందే అయిపోయాయి. ఆ తర్వాత లడ్డూలు కాగితం కప్పుల్లో పెట్టి ఇచ్చారు.

నా అసలు బాధ ఇక్కడుంది. కౌంటీలో ఉన్న ప్రతి తెలుగు కుటుంబం ఏ జిల్లా వాళ్లో, ఏ కంపెనీలో చేస్తున్నారో మనకు తెలుసు. ఎదురింటాయన పేరు తెలియదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు గ్రూపులన్నీ టెన్షన్‌తో ఊగిపోయాయి. మన గురించి ఇక్కడివాళ్లకు ఏం తెలుసు, ఎందుకింత ద్వేషం అని. ఏం తెలుస్తుంది? మన పండగ మనకు, మన హాలు మనకు, మన బిర్యానీ మనకు. ఏడాదిలో ఒకే ఒక్క రాత్రి వీధి వీధంతా పిల్లల చెయ్యి పట్టుకుని, ఎవరూ పిలవకుండా, మన గుమ్మంలోకి వస్తుంది. ఆ రాత్రి లైటు ఆర్పేసి, తర్వాత అపరిచితుల్లా చూస్తున్నారని ఏడవడం నాకు మింగుడుపడదు. నలభై డాలర్ల చాక్లెట్లతో వీసా విధానాలు మారతాయని అనేంత అమాయకుణ్ని కాను. కానీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) మీటింగులో మన గురించి ఎవరైనా నోరు జారినప్పుడు 'లేదు, వాళ్లు నాకు తెలుసు' అనే మనిషి ఒకడు కావాలి కదా. ఆ మనిషి ఎప్పుడు, ఎక్కడ పరిచయమవుతాడు?

ఈ జబ్బు ఇక్కడితో ఆగితే బాగుండేది. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, కొండాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో ఇప్పుడు హాలోవీన్ మామూలైపోయింది. వద్దనడానికి నాకు కారణం కనపడదు, పిల్లలు వేషాలు కడితే ఎవరికి నష్టం? కానీ అమెరికా నుంచి మనవాళ్లు దిగుమతి చేసుకున్నది వెలిగిన లైటును కాదు, ఎక్సెల్ షీటును. కొన్నిచోట్ల ముందుగా గూగుల్ ఫారం వస్తుంది. ఏ టవర్, ఏ ఫ్లాట్, చాక్లెట్లు ఇస్తారా, మీ పిల్లలెంతమంది? రాయించుకున్న తలుపులే కొడతారు, రాయించుకున్న పిల్లలకే ఇస్తారు. లెక్క పక్కా. అదే గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ మనిషికీ పిల్లలుంటారు, ఆ ఫ్లాట్లలో అంట్లు తోమే అమ్మాయికీ ఉంటారు. వాళ్లలో కొందరు సెల్లార్ పక్క గదిలోనే పడుకుంటారు. అసోసియేషన్ పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈసారి ఆ ఫారంలో ఇంకో గడి చేర్చి, వాళ్ల పిల్లలు ఎంతమందో రాసి, అప్పుడు చెప్పండి ఎన్ని సంచులు కావాలో.