ఏడు లివర్ల తాళం, రెండు స్క్రూలు

హైదరాబాద్ శివార్లలో మా ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో రూముకి ముగ్గురు. మా రూములో మాత్రం నలుగురం, నాలుగోది తాళం.

మా రూమ్మేట్‌ని మొదటిరోజు దింపడానికి వచ్చిన వాళ్ళ మావయ్య, అలీగఢ్ తాళంకప్ప ఒకటి వాడి చేతిలో పెట్టి, పిల్లని అత్తారింట్లో వదిలి వెళ్తున్న తండ్రిలా కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కాడు. ఆ సాయంత్రానికే వాడి పేరు లాకర్ అయిపోయింది. అసలు పేరు అటెండెన్స్ తీసుకునేటప్పుడే వినబడేది.

తాళం మామూలుది కాదు. ఏడు లివర్లది. అంటే లోపల ఏడు రేకులుంటాయి, చెవి తిప్పినప్పుడు ప్రతి రేకూ ఎంతెత్తు లేవాలో సరిగ్గా అంతే లేవాలి, ఒక్కటి కాస్త ఎక్కువ తక్కువైనా కప్ప ఊడదు. ఇది లాకర్ మాకు ఎన్నిసార్లు చెప్పాడంటే పరీక్షలో అడిగితే బొమ్మ గీసి మరీ రాసేవాళ్ళం. అది వేలాడే బీరువా సంగతి మాత్రం ఎవడూ ఎత్తలేదు. హాస్టల్ వాళ్ళిచ్చిన రేకు బీరువా, గట్టిగా తుమ్మితే తలుపు ఊగేది.

అసలు హాస్టల్లో ల్యాప్‌టాప్ పోగొట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు. పోయేవి బకెట్లు. పెయింట్‌తో పేరు రాసుకుంటే పేరుతో సహా పోయేవి. ఛార్జరైతే "రెండు నిమిషాలు ఇవ్వరా" అని బయల్దేరి సెమిస్టర్ చివర్లో వైరు తెగి ఇంటికొచ్చేది. చెప్పుల గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

ఆ రోజు పొద్దున్నే లాకర్ స్నానం చేసొచ్చి, తువ్వాలు కట్టుకునే కేక పెట్టాడు. ఫోన్ లేదు. మా రూములో పనిచేసే ప్లగ్గు ఒక్కటే, అదీ కిటికీ పక్కన, కాబట్టి ఫోన్లన్నీ రాత్రంతా అక్కడే పడుంటాయి. పక్క బ్లాకులో ఎవడో కిటికీ ఊచల్లోంచి కర్ర దూర్చి ఫోన్ లాగేశాడని పుకారు అప్పటికే తిరుగుతోంది. ఇంకేం, కేసు తేలిపోయింది. మేం ఫోన్ చేస్తే రింగవుతోంది, ఎవరూ ఎత్తట్లేదు. "రింగవుతోందంటే దొంగ ఇంకా క్యాంపస్‌లోనే ఉన్నాడ్రా" అన్నాడు ఎదురు రూమువాడు, ఎక్కడి తర్కమో ఏమో. ఎవడో పరిగెత్తి వాచ్‌మన్ బాబాయ్‌తో మెయిన్ గేటు వేయించేశాడు.

ఈలోగా ఒక తెలివైనవాడు ప్రభుత్వం వాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైట్ తెరిచాడు. పోలీస్ కంప్లైంట్ ఇచ్చి అందులో ఫోన్ బ్లాక్ చేయిస్తే దొంగకి పనికిరాకుండా పోతుంది, నిజమే. కాకపోతే ఐఎంఈఐ నంబర్ కావాలి, అంటే ఫోన్‌కుండే గుర్తింపు నంబర్, 15 అంకెలు.

"స్టార్ హాష్ జీరో సిక్స్ హాష్ కొట్టరా, వచ్చేస్తుంది."

"ఏ ఫోన్లో కొట్టమంటావు?"

"సరే, డబ్బా మీద ఉంటుంది. డబ్బా ఏదీ?"

డబ్బా బీరువాలో. తాళంచెవి మొలతాడుకి. లాకర్ చెయ్యి నడుం మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. మొలతాడు లేదు. బాత్రూము తూము దగ్గర సగం ముక్క దొరికింది, చెవి మిగతా సగంతో పాటు మూసీ వైపు బయల్దేరినట్టుంది. డూప్లికేట్ ఎక్కడరా అని అడిగితే నేల చూపులు చూశాడు.

"బీరువాలోనే. అదే కదా సేఫ్."

ఫ్లోరంతా మా రూములోకి దిగింది. వర్క్‌షాప్ నుంచి రంపపు బ్లేడు తెస్తానన్నవాడొకడు, యూట్యూబ్ చూసి పిన్నీసు వంచినవాడొకడు. మెస్సు వంటమాస్టర్ అట్లకాడతో వచ్చాడు, సాయానికో అల్లరి ఆపడానికో అర్థం కాలేదు. తాళం ఎవరికీ లొంగలేదు. చివరికి ఫైనలియర్ మెకానికల్ అన్న ఒకాయన పళ్ళు తోముకుంటూ వచ్చి కాసేపు చూశాడు. సరిగ్గా బిగించిన గొళ్ళెమైతే మూసినప్పుడు స్క్రూలు దాని కిందే దాక్కుంటాయి. మాది రెండు స్క్రూలూ బయటికి పెట్టుకుని నవ్వుతోంది. అన్న నోట్లోంచి బ్రష్ తియ్యకుండానే చెంచా కాడతో ఆ రెండూ తిప్పాడు. గొళ్ళెం తాళంతో సహా ఊడి చేతిలోకొచ్చింది, వేసిన తాళం వేసినట్టే ఉంది. "చూశారా, తాళం మాత్రం రాలేదు" అన్నాడు లాకర్.

తలుపు తీస్తే పై అరలో ఫోన్. సైలెంట్‌లో, తెరనిండా మిస్డ్ కాల్స్‌తో. స్నానానికి వెళ్ళేముందు అలవాటు కొద్దీ వాడే లోపల పెట్టి తాళం వేసుకున్నాడు.

కానీ ఫోన్ వైపు చూసిందెవరు? ల్యాప్‌టాప్ వెనక స్టీలు డబ్బా కనబడింది. తెరిస్తే ఆత్రేయపురం పూతరేకులు, 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న సరుకు, దసరా సెలవుల నుంచి వచ్చినరోజే "బస్సులో పక్కవాళ్ళకి పంచేశాన్రా, అయిపోయాయి" అని మాకు చెప్పినవి. దాని కింద, "ఈ ఏడు అమ్మ పెట్టలేదురా" అన్న ఆవకాయ, సీసా నిండుగా.

లాకర్ ఏదో చెప్పబోయాడు, వినే ఓపిక ఎవరికీ లేదు. అన్న బ్రష్ పక్కన పెట్టి నోరు పుక్కిలించుకొచ్చాడు. వంటమాస్టర్ ఆవకాయ వాసన చూసి, వేడన్నం పట్టుకొస్తానని అట్లకాడ అక్కడే వదిలి వెళ్ళాడు. గేటు తియ్యొచ్చా అని అడగడానికొచ్చిన వాచ్‌మన్ బాబాయ్, డబ్బా చూసి, "బెల్లంవా, పంచదారవా?" అంటూ మంచం మీద కూర్చుండిపోయాడు. మొదటి పీరియడ్ సారు గేటు బయట హారన్ కొడుతూనే ఉన్నారు.