అది బూజు మామా!

దసరా దగ్గర పడింది. జిల్లా అంతటా బూజుకర్రలు లేస్తున్న ఈ వేళ, నోరులేని ఒక వర్గం తరఫున నాలుగు మాటలు మాట్లాడక తప్పదు. శ్రీకాళహస్తిలో మోక్షం పొందిన ముగ్గురిలో మొదటి పేరు సాలెపురుగుదే. ఏనుగంతటి ఏనుగుదీ ఆఖరి స్థానమే. ఈ సత్యం నల్లగొండలో మా మేనల్లుడికి ఒక్కడికే తెలిసింది.

ప్లాస్టిక్ డబ్బా, అడుగున కొబ్బరి పొట్టు, ఒక బెరడు ముక్క, సీసా మూతలో నీళ్లు. అందులో అరచేతంత టరాంటులా, అంటే బొచ్చు సాలెపురుగు. దాని వంశం దక్షిణ అమెరికాది, ఖరీదు ఆరు వేలు. ఇంటికొచ్చిన చుట్టాలకు వాడు దాని పేరు లాటిన్‌లో చెబుతాడు. ఎంసెట్ ర్యాంకు మాత్రం ఏ భాషలోనూ చెప్పడు.

మొన్న అది తిండి మానేసి వెల్లకిలా పడుకుంది. "సచ్చిందిరా నీ ఆరు వేలు," అని మా అక్క చేట పట్టుకొచ్చింది. వాడు అడ్డం పడ్డాడు. చావు కాదట, కుబుసం విడవడమట. నిజమే, కాసేపటికి వీపు మీది పెంకు డబ్బా మూతలా లేచింది. తర్వాత ఎనిమిది కాళ్లూ, తడిసిన చేతితొడుగులోంచి వేళ్లు లాగినట్టు, కొంచెం కొంచెంగా బయటికొచ్చాయి. గంటల తరబడి ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూసింది. వీడు పుట్టినప్పుడు కూడా మా బావ అంతసేపు నిలబడలేదు, చాయ్‌కి పోయాడు.

వంటింట్లో అక్క బొద్దింకల మందు గీత గీస్తుంటే, ముందుగదిలో కొడుకు సాలెపురుగు మేతకని డబ్బులిచ్చి తెచ్చిన బొద్దింకలను లెక్కపెడుతుంటాడు. ఒకసారి ఆ టరాంటులా వెనక కాళ్లతో పొట్ట మీది నూగు రాల్చితే, అక్క రెండు రోజులు చేతులు గోక్కుంది. "అది కోపం కాదమ్మా, ఆత్మరక్షణ!" అన్నాడు.

ఇప్పుడు వాడి కన్ను నీలం సాలెపురుగు మీద పడింది. దాన్ని 1899లో పోకాక్ దొర అనే ఇంగ్లిష్ జంతుశాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. దొరికింది గుత్తి రైల్వే కట్టెల అడితిలో. అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. మన అమ్రాబాద్ దగ్గర కృష్ణ దాటితే అదే నల్లమల. 2008లోనే అది అంతరించే అంచున ఉందని తేల్చారు. విదేశాల్లో మాత్రం డబ్బాల్లో సుఖంగా పిల్లలు పెడుతోంది. అక్కడి నుంచి తెప్పిస్తాడట! వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించారు, కాగితాలు కావాలిరా అంటే, "నీకు సైన్స్ తెల్వది మామా," అన్నాడు. పొరుగింటి పిల్లను అమెరికా సంబంధమని చేసుకున్నట్టుంది.

ఆదివారం అక్క వాడి చేతికే బూజుకర్ర ఇచ్చింది. ట్యూబ్‌లైట్ వెనక సన్నకాళ్ల ఇంటి సాలెపురుగు ఒకటి, గుడ్ల మూట నోట కరుచుకుని ఉంది. కర్ర తగలగానే ఒళ్లంతా గిరగిరా ఊపింది. "ఆగురా, గుడ్లతో ఉంది," అన్నాను.

"అదా? అది బూజు మామా," అని ఒక్క ఊపులో దులిపేసి, కర్ర మూలన పెట్టి, డబ్బాలో తేమ సరిపోయిందో లేదో చూడ్డానికి పోయాడు.