సి డ్రైవ్ ఒక్కటే లాప్‌టాప్ కాదు మహాప్రభో

కొన్ని రిపేరు షాపుల వాళ్లు లాప్‌టాప్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) వేసి, విండోస్ ఉండే సి డ్రైవ్ మాత్రం కాపీ చేసిచ్చి, దానికి "క్లోనింగ్" (పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించడం) అని పేరు పెట్టి డబ్బులు తీసుకుంటున్నారు చూడండి, ఆ పద్ధతి మీదే ఈ పోస్టు. కాస్త కటువుగా ఉంటే ఏమనుకోకండి.

మా వైజాగ్‌లో డాబాగార్డెన్స్‌లో, ద్వారకానగర్‌లో పని తెలిసిన కుర్రాళ్లు బోలెడంతమంది ఉన్నారు. వాళ్ల పనితనానికి వంక పెట్టను. నా కోపమల్లా ఒక్క మాట మీదే. "ఆ చిన్న చిన్న పార్టిషన్లు (అంటే డిస్కులో విడగొట్టిన భాగాలు) వేస్ట్ సార్, ఊరికే స్పేస్ తినేస్తాయి." మా అక్క కొడుకు లాప్‌టాప్ విషయంలో ఒక షాపు వాళ్లు నాతో ఫోన్లో అన్న మాటే ఇది. ఒక అప్‌డేట్ తర్వాత వాడి విండోస్ మొరాయించడం మొదలెట్టింది. సరే రీసెట్ చేద్దామంటే "రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకలేదు" అని మెసేజ్. వాడికేమో మర్నాడే ప్రాజెక్ట్ రివ్యూ. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, టెన్షన్ వాడి కంటే మా అక్కకే ఎక్కువ.

విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్ తెరిచి "లిస్ట్ పార్టిషన్" కొట్టి చూశాను. కంపెనీ నుంచి వచ్చిన డిస్కులో మామూలుగా నాలుగైదు వరుసలు కనిపించాలి. మొదట సిస్టమ్ అని 100 ఎంబీనో 260 ఎంబీనో ఉంటుంది. అది ఈఎఫ్‌ఐ, లాప్‌టాప్ ఆన్ చేయగానే విండోస్‌ను లేపే బూట్ ఫైళ్లుండే చోటు. దాని కింద రిజర్వ్‌డ్ అని 16 ఎంబీ, విండోస్ తన అవసరాలకు అట్టే పెట్టుకునేది. తర్వాత మన సి డ్రైవ్. చివర్లో రికవరీ అని, విండోస్ పాడైతే బాగుచేసే సాధనాలుండేది ఒకటి, కొన్ని లాప్‌టాప్‌లలో కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ ఇమేజ్‌తో (కొన్నప్పుడున్న విండోస్ మొత్తం కాపీ) పది ఇరవై జీబీల ఇంకొకటి. మావాడి డిస్కులో కనిపించినవి రెండే రెండు వరుసలు: సిస్టమ్, సి డ్రైవ్. అంతే.

వీటిని దాచిపెట్టింది మనం పొరపాటున చెరపకూడదని. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రికవరీ పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి చూడండి, "హెల్ప్" తప్ప ఇంకేమీ రాదు. ఆ 16 ఎంబీదైతే అక్కడ అసలు కనిపించనే కనిపించదు. కంటికి కనబడలేదు కాబట్టి పనికిరాదనుకుంటే ఎలా?

ఎందుకు తీసేస్తారో కూడా చెప్తాను, ఎందుకంటే పాపం దానికీ ఒక కారణముంది. 256 జీబీ డిస్కును 1 టీబీ ఎస్‌ఎస్‌డీలోకి ఉన్నదున్నట్టు కాపీ చేస్తే మిగిలిన ఖాళీ అంతా డిస్కు చివర పడుతుంది. సి డ్రైవ్‌కీ ఆ ఖాళీకీ మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చుంటుంది. సి డ్రైవ్‌ను పెంచాలంటే ఖాళీ దాని పక్కనే, కుడివైపు, ఉండాలి. లేకపోతే "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" నొక్కడానికే రాదు. చేయాల్సిన పనేమిటి? రికవరీని చివరికి జరిపి, తర్వాత సి డ్రైవ్‌ను పెంచడం. పార్టిషన్లను జరపగల టూల్ ఏదైనా ఈ పని చేస్తుంది. కానీ డిలీట్ కొడితే ఒక్క క్షణంలో అయిపోతుంది కదా! గోడకి మేకు కొట్టడానికి అడ్డమొచ్చిందని కరెంటు వైరు కోసేసినట్టుంది యవ్వారం.

కంపెనీలను కూడా వదలకూడదు. ఒకప్పుడు లాప్‌టాప్ కొంటే డబ్బాలో రికవరీ డీవీడీలు వచ్చేవి. అవి మానేసి అదే డిస్కులో ఓ మూల పార్టిషన్ పెట్టి చేతులు దులుపుకున్నారు. డిస్కు పోతే దాంతోపాటే రికవరీ కూడా పోతుందని వాళ్లకు తెలియదా? మైక్రోసాఫ్ట్ సంగతి ఇంకో రకం. 2024 జనవరిలో విండోస్ 10కి వదిలిన ఒక అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాల్సొచ్చింది, అది లేక ఎంతోమందికి ఎర్రర్ వచ్చింది. ఆ పార్టిషన్‌ను అంత ఇరుగ్గా పెట్టిందెవరంటే చాలా సిస్టమ్‌లలో విండోస్ ఇన్‌స్టాలేషనే. అందుకే క్లోన్ చేసేటప్పుడు దాన్ని 1 జీబీకి పెంచేయడం మేలంటాను.

అన్ని పార్టిషన్లూ సమానమని నేననను. ఆ ఫ్యాక్టరీ ఇమేజ్‌లో పాత విండోస్‌తో పాటు ఎవరూ వాడని ట్రయల్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది, అది వద్దనుకుంటే అది యజమాని ఇష్టం. కానీ అడిగి తీసేయాలి. ఈఎఫ్‌ఐ, రికవరీ మాత్రం కచ్చితంగా ఉండాల్సిందే.

ఇంకో మోసం. "కొత్త డిస్కు కదా సార్, విండోస్ కీకి (ఒరిజినల్ అని గుర్తించే లైసెన్స్ నంబరు) డబ్బు వేరే అవుతుంది" అంటారు కొందరు. విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో పాటు అమ్మిన లాప్‌టాప్‌లలో ఆ కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటుంది. డిస్కు మార్చినంత మాత్రాన ఎక్కడికీ పోదు. ఒరిజినల్ విండోస్ హోమ్ ఉన్న లాప్‌టాప్‌లో క్రాక్ చేసిన విండోస్ ప్రో ఎక్కించి, పైగా డబ్బులడగడం ఏం న్యాయం?

సొంతంగా చేసుకునేవాళ్లకు నాలుగు మాటలు. మాక్రియం రిఫ్లెక్ట్ అనే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌కు 2024 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది. తైవాన్ వాళ్ల క్లోనెజిల్లా ఇప్పటికీ ఉచితమే, కాకపోతే చూడ్డానికి నల్ల స్క్రీన్, పైగా మామూలు పద్ధతిలో కొత్త డిస్కు పాతదానికంటే చిన్నదైతే ఒప్పుకోదు. ఏ టూల్ అయినా సరే, సి డ్రైవ్ ఒక్కదానికి కాదు, డిస్కు మొత్తానికి టిక్ పెట్టండి. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో ముందే చూసి, దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకుండా షాపుకెళ్లి, నీలం స్క్రీన్ ముందు ముఖం వేలాడేసినవాళ్లు నాకు తెలుసు. పాత డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే మాత్రం నేరుగా క్లోన్‌కి దిగొద్దు, ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి లాగండి. అలాంటి డిస్కుల కోసమే లైనక్స్‌లో డీడీరెస్క్యూ ఉంది, చదవలేని చోట్లను పక్కనబెట్టి బాగున్నవి ముందు తీస్తుంది.

క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు తీసేసి ఉండాలి. రెండూ ఉంటే, రెండింటి ఐడీ (డిస్కు గుర్తింపు నంబరు) ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, లేదా మీకు తెలియకుండా పాతదాంట్లోంచే బూట్ అవుతుంది.

షాపులో చేయిస్తే డబ్బులిచ్చే ముందు అక్కడే, వాళ్ల ఎదురుగానే, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో "reagentc /info" అనే కమాండ్ కొట్టించండి, రికవరీ పనిచేస్తోందో లేదో అది చెబుతుంది. ఎనేబుల్డ్ అని వస్తే సరే. డిసేబుల్డ్ అని వస్తే ఆ కుర్చీలోంచి లేవకండి. పాత డిస్కు అడిగి తీసుకోండి, "మాకు వదిలేయండి సార్, ఐదొందలు తగ్గిస్తాం" అన్నా వద్దు. అందులో మీ ఆధార్ స్కాన్ నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్ల దాకా అన్నీ ఉన్నాయి.