అండమాన్ యాత్ర: నీళ్ల లెక్క కట్టని ప్యాకేజీలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ట్రావెల్ ఏజెంట్లు అమ్మే అండమాన్ ప్యాకేజీలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. ఆ కాస్త వ్యవధిలోనే 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, అక్కడి నుంచి పడవలో స్వరాజ్ ద్వీప్, ఆ తరువాత షహీద్ ద్వీప్, ఒక రోజు మిగిలితే బారాటాంగ్ సున్నపురాయి గుహలు. పర్యావరణానికి హాని చేయని యాత్ర అనగానే మనకు గుడ్డ సంచీ, స్టీలు సీసా గుర్తొస్తాయి. అవీ అవసరమే. కానీ దీవుల మీద పడే అసలు భారం మనం ఎప్పుడు వెళుతున్నాం, ఎంత పరుగు పెడుతున్నాం అన్నదానిలోనే ఉందనీ, దాన్ని అలాగే ఉంచి సంచులు మార్చినందువల్ల ఒరిగేది తక్కువేననీ నా అభిప్రాయం.

ముందు నీళ్ల సంగతి చూడాలి. అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. తెలుగు రాష్ట్రాల సగటుతో పోలిస్తే ఇది దాదాపు మూడు రెట్లు. అంత వాన పడే చోట నీటి ఎద్దడి ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. దీవులు సన్నగా, కొండలమయంగా ఉండడంతో వాగులు పొట్టివి. కురిసిన నీటిలో అధిక భాగం నిలవకుండా సముద్రంలో కలిసిపోతుంది. పైగా మే నుంచి డిసెంబరు దాకా పడే వాన జనవరి నుంచి ఏప్రిల్ దాకా ముఖం చాటేస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఆకాశం తేటగా, సముద్రం నిమ్మళంగా ఉంటుంది కనుక యాత్రికులు పోటెత్తుతారు. పోర్ట్ బ్లెయిర్ తాగునీటికి ప్రధాన ఆధారం ధనిఖారి జలాశయం. అది అడుగంటిన వేసవుల్లో ఊళ్లో కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎడంగా వస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఉన్నవారు సుమారు 3.8 లక్షల మంది. కొవిడ్‌కు ముందు ఏటా వచ్చిపోయే యాత్రికులు ఐదు లక్షలకు అటూ ఇటూ. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లి స్థిరపడిన మన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొళాయి రాని రోజున హోటల్ ట్యాంకరు తెప్పించుకోగలదు. ఆ ఇళ్లకు ముందురోజు పట్టి పెట్టుకున్న డ్రమ్ములే దిక్కు.

రోజుకో దీవి, పూటకో హోటల్ అన్న పద్ధతి ఈ ఇబ్బందిని పెంచుతుంది. గది ఖాళీ అయిన ప్రతిసారీ దుప్పట్లు, తువ్వాళ్లు ఉతకాలి. నాలుగు రోజులు ఒకే గదిలో ఉండే కుటుంబానికి అయ్యే ఉతుకుడు నీళ్లకూ, ఆ నాలుగు రోజుల్లో మూడు గదులు మారే కుటుంబానికి అయ్యే నీళ్లకూ చాలా తేడా ఉంటుంది. దీవుల్లో కరెంటు కూడా ఎక్కువ భాగం ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో తెచ్చిన డీజిల్‌తో తయారయ్యేదే. ఇక విమానం వెళ్లిరావడానికి కాల్చే ఇంధనం మనం అక్కడ ఐదు రోజులున్నా పన్నెండు రోజులున్నా మారదు. ఏటా ఓ చిన్న పరుగు కంటే, కొన్నేళ్లకు ఒకసారి వెళ్లి తీరిగ్గా ఉండడమే మేలని నేను అనేది అందుకే.

పరుగు వల్ల జరిగే నష్టం కళ్లకు కట్టే చోటు షహీద్ ద్వీప్‌లోని లక్ష్మణ్‌పూర్ సహజ రాతి వంతెన. అక్కడికి పోవాలంటే సముద్రం పాటు మీద ఉండాలి. నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే రాతి చట్టు మీదుగా నడవాలి. ఆ చట్టు గుంటల్లో బతికున్న పగడాలు, సముద్రపు దోసకాయలు, చిన్న చేపలు ఉంటాయి. పాటు ఉండేది కొద్ది గంటలే కావడంతో బృందాలన్నీ ఒకేసారి దిగుతాయి. తిరుగు పడవ తప్పిపోతుందన్న తొందరలో కాలు ఎక్కడ పడుతోందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. 2010లోనూ, 2016లోనూ సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబారి పెద్దఎత్తున దెబ్బతిన్నాయి. కోలుకుంటున్న వాటి మీద చెప్పుల అడుగులు పడడం చిన్న విషయం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడం ముక్కను, చచ్చినదైనా సరే, ఇంటికి తేవడం నేరం. అయినా తిరుగు ప్రయాణంలో విమానాశ్రయ తనిఖీల్లో అవి పట్టుబడుతూనే ఉంటాయి.

కట్టడి పెడితే జనం రారన్న వాదన నిలవదు. వండూర్ దగ్గర 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఒకదాని తరువాత ఒకటిగా, ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు. రెండో దానికి ఆ సమయంలో విశ్రాంతి. పడవ ఎక్కే ముందు సంచులు తనిఖీ చేసి ప్లాస్టిక్‌ను లోపలికి పోనివ్వరు. అయినా సీజన్‌లో టికెట్లకు గిరాకీ తగ్గలేదు. షహీద్, స్వరాజ్ ద్వీప్‌ల తీరాలకూ ఇలాంటి నియమమే ఉండాలి.

బారాటాంగ్ విషయంలో నా మాట ఇంకాస్త గట్టిది. ఆ గుహలకు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు, జరవాలనే ఆదివాసుల కోసం కేటాయించిన రక్షిత ప్రాంతం గుండా పోతుంది. వాహనాలను వరుస కట్టించి పోలీసు కాపలాతో పంపుతారు. ఆగకూడదు, ఫొటో తీయకూడదు. 2012లో జరవా మహిళల చేత యాత్రికుల ముందు నృత్యం చేయించిన వీడియో బయటపడి దేశం తలదించుకుంది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కొద్ది వారాలు పర్యాటకుల రాకపోకలను ఆపింది కూడా. కొన్ని వందల మంది మాత్రమే మిగిలిన జాతి బతుకు మధ్య నుంచి గుహలు చూడడానికి దారి చేసుకునే హక్కు మనకు లేదు. ఉత్తరాన ఉన్న దీవులు చూడాలనుకునేవారికి రంగత్, మాయాబందర్‌లకు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలు ఉన్నాయి. ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టే ఐదు రాత్రుల ప్యాకేజీలో అవి ఇమడవు. మన ఏజెంట్లు బారాటాంగ్‌ను జాబితాలోంచి తీసేసి, రెండు దీవులతో పది రోజుల యాత్రను, అదీ జలాశయాలు నిండుగా ఉండే నవంబరు, డిసెంబరు నెలల్లో, అమ్మడం మొదలుపెట్టాలి. వాళ్లు పెట్టకపోతే, డబ్బు కట్టే ముందు మనమే అడగాలి.